గుడ్డిగుర్రం పళ్ళు

పనీపాటా లేకుండా కూర్చున్నవాణ్ణి చూసి "ఏరా, గుడ్డిగుర్రాలకు పళ్ళు తోముతున్నావా?" అనడం మన ఇళ్ళలో మామూలే. చిన్నప్పుడు నన్ను ఈ ప్రశ్న అడగని పెద్దలు మా ఇంట్లో లేరు. లోకంలో దండగ పనులు సవాలక్ష ఉండగా ఈ మాట పుట్టించిన మహానుభావుడు ఏరికోరి దీన్నే పట్టుకున్నాడు. గుర్రానికి పళ్ళు తోమడమే వెర్రి. పైగా అది గుడ్డిది, తోమినవాడి మొహమైనా చూడలేదు. ఇంతకంటే పనికిమాలిన పని ఉండదని ఆయన లెక్క.

మా మేనల్లుడు పశువైద్యుడు. వాడికి మొదటినుంచీ గుర్రాల మీదే గురి. ఓసారి వాణ్ణి ఆటపట్టిద్దామని ఈ మాట ఎత్తాను. వాడు నవ్వలేదు. "మామయ్యా, గుడ్డిగుర్రమంటే చాలావరకు ముసలిగుర్రమే అయ్యుంటుంది. ముసలిగుర్రానికి ముందు చూడాల్సింది పళ్ళే. కాబట్టి ఆయన చెప్పింది మంచి పనే. కాకపోతే తోమకూడదు, రాకాలి" అన్నాడు.

రాకడమేమిటని అడిగాను. ఆ పూటంతా చెప్పాడు.

మన పన్ను ఒకసారి వచ్చాక ఉన్నచోటే ఉంటుంది. గుర్రం దవడపన్ను సంగతి వేరు. వయసులో ఉన్న గుర్రానికి ఒక్కో దవడపన్ను మూడు నాలుగు అంగుళాల పొడవుంటుంది. చిగురు దాటి బయటికి కనిపించేది అందులో కొంచెమే. మిగతాదంతా ఎముకలో దాక్కుని ఉండి, పైన అరిగినకొద్దీ ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి జరుగుతుంది. కొత్తగా ఏమీ పుట్టదు. వయసులో ఉన్నప్పుడు చేకూరిన పొడవే చివరిదాకా రావాలి. పాతికేళ్ళకో ముప్పైకో అది అయిపోతుంది. గుర్రం ఆయుష్షూ దాదాపు అంతే. ఈ రెండు లెక్కలూ సరిపెట్టినవాళ్ళెవరో గాని గట్టివాళ్ళు.

అంతలా అరగదీసేది గడ్డి. ఇసుకలో ఉండే సిలికా గడ్డిపోచలోనూ ఉంటుంది. దానికి తోడు నేలమీది దుమ్ము. ఆరుబయట వదిలేస్తే గుర్రం రోజుకు పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. ఆవుకైతే గబగబా మింగేసి, చెట్టు నీడన పడుకుని తీరిగ్గా నెమరు వేసుకునే వీలుంది. గుర్రానికి నెమరు లేదు. నమిలినప్పుడే నమలాలి, మింగాక ఇక చేసేదేమీ లేదు. అందుకే దాని పంటిని ప్రకృతి వేరే రకంగా కట్టింది. మన పంటికి ఎనామెల్ పైపూతగా ఉంటుంది. గుర్రం దవడపంటిలో ఎనామెల్, డెంటీన్, సిమెంటం మూడూ మడతలు మడతలుగా కలిసిపోయి ఉంటాయి. మూడింటి గట్టిదనమూ ఒకటి కాదు. మెత్తనిది ముందు అరిగి పల్లమవుతుంది, గట్టిది గట్టులా మిగులుతుంది. దాంతో పంటి ముఖం ఎప్పుడూ గరుకే. మన తిరగలికి అప్పుడప్పుడూ ఎవరినైనా పిలిచి కక్కు కొట్టించాలి. ఈ తిరగలి తన కక్కు తానే కొట్టుకుంటుంది.

ఇంత తెలివైన ఏర్పాటులోనూ ఒక చిక్కుంది. గుర్రం పైదవడ కిందిదవడ కంటే వెడల్పు. పళ్ళు ఒకదానిమీద ఒకటి నిండుగా కూర్చోవు. పైపళ్ళకు బుగ్గవైపు, కిందిపళ్ళకు నాలుకవైపు అరగని అంచులు మిగిలిపోయి, రానురాను వాడిగా తేలుతాయి. తలవంచి గడ్డి మేస్తున్నప్పుడు కిందిదవడ బాగా పక్కకు జరిగి గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఆ అంచులు కూడా కొంత అరుగుతాయి. గింజలు నమిలేటప్పుడు దవడ అంత పక్కకు పోదు. మనం గుర్రాన్ని మైదానంలోంచి తీసుకొచ్చి కట్టేశాం. పదహారు గంటల మేతను రెండు పూటల దాణాకు కుదించాం. పైగా నోట్లో ఇనుము పెట్టాం. ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య గుర్రానికి ఉత్త చిగురుండే ఖాళీ ఒకటుంది. కళ్ళెం కూర్చునేది అక్కడే. ఆ ఖాళీయే లేకపోతే చరిత్రలో సగం యుద్ధాలు నడిచి వెళ్ళి చేయాల్సి వచ్చేది.

ఇదంతా విన్నాక ఓ గుర్రం నోరు చూడాలనిపించింది. కొన్నాళ్ళకు వాడే తీసుకెళ్ళాడు. హైదరాబాదు శివార్లలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పంపే ఆయన తబేలా. జబ్బుపడింది తెల్ల ఆడగుర్రం. జబ్బని ఆయన అనలేదు. "పొగరెక్కింది సార్. మొన్నటిదాంక మస్తుగుండె. ఇప్పుడు బరాత్‌ల తల ఎగరేస్తది, కళ్ళెం ఎయ్యనియ్యది. దుల్హా కింద పడితే నా ఇజ్జత్ ఏంగావాలె?" ఆ పొగరు దించడానికి ఇంకా కరుకైన కళ్ళెం కూడా కొన్నాడు. మేత సంగతి అడిగితే "తింటది సార్, జర నిదానంగ తింటది" అన్నాడు.

మావాడు వెంటనే నోరు తెరిపిస్తాడనుకున్నాను. వాడు గడ్డి వేయమని చెప్పి, ఓ బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చున్నాడు. ఫోను తీయలేదు, మాట్లాడలేదు. గుర్రం తింటుంటే చూస్తున్నాడు. నేనూ చూశాను. మొదట నాకేమీ కనిపించలేదు. తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. తల కాస్త ఎడమకు వంచి నములుతోంది. దవడ ఒకవైపుకే తిరుగుతోంది. మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు నిలబడి, మళ్ళీ మొదలుపెడుతోంది. ఉన్నట్టుండి సగం నమిలిన గడ్డి ముద్దకట్టి, లాలాజలంతో తడిసి నోట్లోంచి కిందపడింది. తొట్టి పక్కన అలాంటివే మరో రెండు మూడు ఎండిపోయి ఉన్నాయి.

"ఇవి రోజూ పడతాయా?" అని సైసును అడిగాడు. "పడ్తయ్ సార్. నేను సాఫ్ జేస్తనే ఉంట" అన్నాడతను, శుభ్రత గురించి అడిగారేమోనని. జబ్బు ఆనవాలు రోజూ చీపురు కిందికే పోతోంది.

తర్వాత లద్దెను పుల్లతో విడదీసి చూశాడు. అందులో శనగలు శనగలుగానే ఉన్నాయి, గడ్డిపోచలు పొడుగ్గా ఉన్నాయి. గుర్రం మెడ నిమిరి, నోటి దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. నన్నూ రమ్మన్నాడు. ఆ కుళ్ళు వాసన మేత వాసన కాదని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. బుగ్గ బయటినుంచి పైపళ్ళ వరుస మీదుగా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోయాడు. ఓ చోట గుర్రం తల విదిల్చింది. కిందిదవడ అంచు తడిమి వాపు లేదన్నాడు. రెండు ముక్కురంధ్రాలూ చూశాడు. పైదవడలో వెనకపళ్ళ వేర్లు సైనస్ గదుల్లోకే దిగి ఉంటాయట. అక్కడ చీము పట్టిందంటే ఆ పక్క ముక్కునుంచే కంపుకొట్టే స్రావం కారుతుంది. అలాగని ముక్కు కారిన ప్రతి గుర్రానికీ పన్నే కారణమనుకోవడం ప్రమాదం. గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ అంటుకునే జబ్బు. ఈ గుర్రానికి ముక్కులు శుభ్రంగానే ఉన్నాయి.

అప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇచ్చాడు. తల వాలిపోయాక స్పెక్యులమ్ అనే ఇనుప చట్రం ముందుపళ్ళకు తగిలించి, పళ్ళచక్రం మీద ఒక్కో మెట్టే తెరుస్తూ పోయాడు. మత్తూ చట్రమూ లేకుండా గుర్రం నోట్లో చెయ్యి పెట్టేవాడు ఆ చేతికి నీళ్ళొదులుకోవాల్సిందేనని ఈలోగా నాకు రెండుసార్లు చెప్పాడు. నుదుటికి లైటు కట్టుకుని చూసి, నన్నూ చూడమన్నాడు. గుర్రం నోరు అంత లోతుంటుందని నాకు తెలియదు. రెండువైపులా దవడపళ్ళ వరుసలు లోపలి చీకట్లోకి పోతున్నాయి. పైపళ్ళ బయటి అంచులు రంపంలా తేలి ఉన్నాయి. వాటికి ఎదురుగా బుగ్గ లోపల పచ్చి పుండ్లు గీతగా ఉన్నాయి. వెనక, కిందివైపు, రెండు పళ్ళ మధ్య సందులో గడ్డి ఇరుక్కుని కుళ్ళింది. చిగురు లోపలికి పోయింది. వాసన అక్కడిదే. గుర్రాల పంటి బాధల్లో అన్నిటికంటే సలిపేవి ఈ సందులేనట.

పొగరెక్కడిదో అప్పుడు తెలిసింది. కళ్ళెం పట్టీ బిగించినప్పుడల్లా బుగ్గ లోపలికి నొక్కుకుని ఆ వాడి అంచులకు తగులుతోంది. పగ్గం లాగితే మరీ తగులుతోంది. తల ఎగరేయక ఏం చేస్తుంది? బ్యాండుమేళం, జనరేటరు లైట్లు, టపాసులు, మీద పెళ్ళికొడుకు, నోట్లో పుండ్లు. ఇవన్నీ మోసుకుంటూ మొన్నటిదాకా నిదానంగా నడిచిందంటే దాని ఓర్పుకు దండం పెట్టాలి. మనవాళ్ళేమో ఇంకాస్త కరుకు కళ్ళెం కొన్నారు.

మందలో బతికే జంతువుకు నొప్పి బయటపెట్టుకోవడం చేటు. కుంటేదాన్నీ వెనకబడేదాన్నీ పులి ముందు పట్టుకుంటుంది. లక్షల ఏళ్ళ ఆ భయం గుర్రం ఒంట్లో ఇంకా ఉంది. పంటిపోటుతో అరవదు, మూలగదు. తినడం మానేసేదాకా కూడా రాదు, నెమ్మదిస్తుంది అంతే. దాణాలోంచి గట్టివి వదిలేస్తుంది. ఎండుగడ్డిని నీళ్ళతొట్టిలో ముంచుకుని తింటుంది. సరిగా నమలని మేత గొంతులో అడ్డుపడుతుంది, లేదా పేగుల్లో గడ్డకట్టి కడుపునొప్పి తెస్తుంది. అప్పటికి గాని యజమాని డాక్టరుకు ఫోన్ చేయడు. అదీ కడుపునొప్పి అనే చేస్తాడు.

మావాడు ఎలక్ట్రిక్ ఆకురాయి బయటికి తీశాడు. పొడుగాటి కడ్డీ చివర తిరిగే బిళ్ళ. తెల్లటి పొడి రాలింది. మన పళ్ళ డాక్టరు గదిలో వచ్చే వాసనే ఇక్కడా వచ్చింది. ఓ పక్క అయ్యాక చూస్తే నాకింకా ఎత్తుపల్లాలు కనిపించాయి. మిగిలాయి కదా అన్నాను. "మిగలాలి మామయ్యా. నున్నగా చేసేస్తే దేంతో నములుతుంది?" అన్నాడు. ఎక్కువ రాకితే లోపలి పల్ప్ బయటపడుతుంది. యంత్రం ఒకేచోట నిలిపితే వేడికి పన్ను చచ్చిపోతుంది. మరీ హెచ్చుతగ్గులున్న నోరైతే ఒక్కసారే సరిచేయరు, నెలల ఎడంతో కొంచెం కొంచెంగా చేస్తారు. సందులోని కుళ్ళు లాగేసి, నీళ్ళ ధారతో కడిగి, ఆరునెలలకోసారి చూడాలన్నాడు. మామూలు గుర్రానికి ఏడాదికోసారి చాలు. రెండు నుంచి అయిదేళ్ళలోపు పిల్లలకూ, ఇరవై దాటిన ముసలివాటికీ మాత్రం ఏడాదికి రెండుసార్లు.

పిల్లల సంగతి కొంచెం చెప్పాలి. గుర్రానికి ఇరవైనాలుగు పాలపళ్ళు. రెండున్నరేళ్ళ నుంచి నాలుగున్నర దాకా అవి ఊడి అసలు పళ్ళు వస్తుంటాయి. సరిగ్గా ఆ వయసులోనే దానికి కళ్ళెం అలవాటు చేస్తారు. రేసుగుర్రాలనైతే రెండేళ్ళకే పరుగులో దింపుతారు. పళ్ళొచ్చే బిడ్డ ఏడుస్తుంటే మనం రాత్రంతా భుజం మీద వేసుకుని తిప్పుతాం. ఆ ఈడు గుర్రం తల విదిలిస్తే మాట వినడం లేదంటాం. మలక్‌పేటలో పరిగెత్తే గుర్రాలకు డాక్టర్లుంటారు, వాటి విలువ వాటిని కాపాడుతుంది. ఈ పెళ్ళిగుర్రాల వంటివాటి గురించే నా దిగులు.

ఇంటికొచ్చాక నాకు తట్టిన ఆలోచన ఇది. మనిషి గుర్రం నోరు చూడ్డం కొత్తేమీ కాదు. వేల ఏళ్ళుగా చూస్తున్నాడు. కాకపోతే ఎక్కువగా చూసింది వయసు కోసం, అంటే ధర కోసం. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గుర్రం పళ్ళ లెక్క చెప్పాడు. ముందుపళ్ళలో నడిమివి, వాటి పక్కవి, చివరివి పడి మొలవడాన్ని బట్టి మూడు, నాలుగు, అయిదేళ్ళు. అక్కణ్ణించి పంటిమీది గుర్తు రంగునుబట్టి మూడేసి ఏళ్ళ మెట్లు: నలుపు, పసుపు, తెలుపు, గాజు రంగు, తేనె రంగు, శంఖం రంగు, తర్వాత గుంట పడటం, తర్వాత కదలడం, చివర ఊడటం. లెక్క వేస్తే ఇరవై ఏడు నుంచి పళ్ళు కదులుతాయి, ముప్పైకి రాలడం మొదలవుతుంది. ఇవాళ్టి పశువైద్యం చెప్పే నిల్వ అయిపోవడమూ అక్కడే. అంత చూపున్నవాళ్ళు! పంటికి పదునెక్కడ, పుండెక్కడ అని మాత్రం ఆ శ్లోకం అడగదు. కొనేవాడికి అది అక్కర్లేదు.

మన రైతులూ అంతే. సంతలో రెండు పళ్ళ కోడె, ఆరు పళ్ళ ఎద్దు అని పెదవి ఎత్తి చూసి బేరమాడతారు. ఇంగ్లండులో బేరగాళ్ళు ఇంకా ముదిరారు. ముసలిగుర్రం ముందుపళ్ళకు గుంటలు తొలిచి, ఎర్రగా కాల్చిన ఇనుముతో నల్లమచ్చలు పెట్టి పడుచుదని అమ్మేవారు. మత్తు లేకుండా పన్ను కాలిస్తే ఆ గుర్రం ఏమైపోయిందో ఊహించుకోవాల్సిందే. అసలు నోరే చూడనివాడు కూడా ఒకడున్నాడు, మన సాళువ నరసింహరాయలు. అరబ్బు గుర్రాలంటే ఆయనకెంత ఆత్రమంటే, వెయ్యి పర్దావులకు మూడు లెక్కన, వర్తకులు అడిగినంతా ఇచ్చేవాడట. దారిలో సముద్రం మీద చచ్చినవాటికి తోక తెచ్చి చూపించినా బతికున్నదాని ధరే ముట్టజెప్పేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. తోకకు ధర కట్టినవాడికి పళ్ళతో ఏం పని?

అందుకే 2018లో వచ్చిన ఒక పరిశోధన చదివినప్పుడు నా లెక్క కొంచెం తప్పింది. మంగోలియా మైదానాల్లో సమాధి రాళ్ళ కింద దొరికిన గుర్రం పుర్రెలు పరిశోధకులు పరిశీలించారు. సుమారు క్రీస్తుపూర్వం 1150 నాటి ఓ పిల్లగుర్రానికి ముందుపన్ను వంకరగా పక్కకు పొడుచుకొస్తే, ఎవరో దాన్ని కోయడానికి ప్రయత్నించిన గాటు కనిపించింది. రాతి పనిముట్టుతో కావచ్చు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకు, లోహపు కళ్ళాలు వచ్చిన రోజుల్లో, దవడపళ్ళ ముందు మొలిచే చిన్న పన్నును, ఇంగ్లీషువాళ్ళు ఉల్ఫ్ టూత్ అనేదాన్ని, పీకడం మొదలైంది. ఇనుము దానికి తగిలితే గుర్రానికి బాధ. ఇవాళ్టికీ చాలామంది డాక్టర్లు అదే పని చేస్తారు. రెండోది మన సవారీ సుఖం కోసమేనని వాదించవచ్చు. మొదటిది? రాయి పట్టుకుని, కదిలే గుర్రం పన్ను కోయబోయిన ఆ కాపరికి ధరతో పనేముంది? దాని తిండికి అడ్డమొస్తోందని చూసి ఉంటాడు. మత్తు లేదు, చట్రం లేదు, వేళ్ళు మిగిలాయో లేదో తెలియదు. నేను బకెట్టు మీద కూర్చోబెట్టి గౌరవించాలనుకునే పూర్వీకుడు అతనే.

నొప్పి కోసం చూడటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదని చెప్పాలని నాకుంది గాని, అది పూర్తి నిజం కాదు. పదిహేను దాటిన గుర్రాలకు ముందుపళ్ళ వేర్లను సొంత శరీరమే కరిగించేసుకునే జబ్బొకటి ఉంది. దానికి సరైన పేరు 2008లో గాని పెట్టలేదు. ఎక్స్‌రే తీస్తేనే తేలుతుంది. ముద్దచేసిన మేత తింటూనే, క్యారెట్టు కొరకమంటే మొహం తిప్పుకుంటే అనుమానించాలంటాడు మావాడు. ఆ పళ్ళన్నీ పీకేసినా గుర్రాలు హాయిగా బతుకుతాయట, పెదాలతోనే గడ్డి తుంచుకుంటాయట. దవడపళ్ళు అరిగిపోతే మాత్రం మేత మార్చాలి. సన్నగా కొట్టిన గడ్డి నానబెట్టాలి, దాణా ఉడకబెట్టాలి, పూటలు పెంచాలి. పళ్ళు లేవు కదా అని ఎడాపెడా గోధుమపొట్టు పెడితే ఇంకో చిక్కు. పొట్టులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అది సరిదిద్దకుండా నెలల తరబడి పెడితే శరీరం ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది, మొహం ఉబ్బుతుంది, ఉన్న పళ్ళూ వదులవుతాయి. పాత తబేలాల్లో ఈ జబ్బు మామూలుగా ఉండేది.

పెళ్ళిగుర్రం దగ్గరికి ఓ నెలకు మళ్ళీ వెళ్ళాం. గడ్డి ముద్దలు పడటం ఆగిపోయింది. పక్కటెముకల మీద కాస్త కండ పట్టింది. పాత కళ్ళెమే వేసి ఒక బరాత్ చేయించాడట, ఏ గొడవా చేయలేదట. కొత్త కరుకు కళ్ళెం గోడకు వేలాడుతోంది. పారేయమంటే "పైసలు పెట్టిన సార్" అన్నాడు. మావాడు దాన్ని తీసి సంచిలో వేసుకున్నాడు.

బయల్దేరబోతుంటే ఆయన తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు.

"సార్, ఒక్క మాట. నోరంత తెరిచి చూసిన్రు గద, దీని వయసెంతుంటది? అమ్మినోడు ఎనిమిదన్నడు."

మావాడు పెదవి ఎత్తి పైవరుసలో మూలపన్ను చూపించాడు. దానిమీద నిలువుగా గోధుమరంగు గాడి. అది పదేళ్ళకు చిగురు దగ్గర మొదలై, పదిహేనుకు సగం దిగి, ఇరవైకి పన్ను చివరిదాకా పోతుందని లెక్క. ఈ గుర్రానికి సగం దాటింది. "కచ్చితంగా చెప్పలేం, రెండేళ్ళు అటూఇటూ. పదహారనుకో" అన్నాడు.

ఆయన కాసేపు గుర్రాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. అమ్మినవాణ్ణి ఉర్దూలో ఓ మాటన్నాడు. తర్వాత మొహం తేలికపడింది.

"పోనీయండ్రి. నేనమ్మేటప్పుడు పదని జెప్త."

"కొనేవాడు నోరు తెరిచి చూస్తే?" అన్నాడు మావాడు.

"ఇప్పుడు నోరెవరు సూస్తరు సార్? ఫోటో పెట్టమంటరు. రంగు సూస్తరు."